మూల వినియోగంలో ఉన్న బోగీ

లుప్త రైలుమార్గాల అవశేష పరిరక్షణ సంస్థలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా వీధిలో ఎవరికీ ఆ పేరు తిన్నగా పలకడం రాలేదు. మా అయ్య మాత్రం పొద్దూ మాపూ సాధన చేసి, జీడిపిక్కల ఫ్యాక్టరీలో తోటివాళ్ల ముందు తప్పు లేకుండా చెప్పి వచ్చాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనే మొదలు. చరిత్రలో ఎం.ఏ. చేశాను. అందుచేత సంస్థ నన్ను క్షేత్ర పరిశోధకుడిగా తీసుకుంది, కాంట్రాక్టు పద్ధతిలో.

సంస్థ ఎందుకు పుట్టిందో చెప్పాలి. పైవాళ్లలో ఒకాయన విదేశం వెళ్లి, అక్కడ ఏనాడో మూసేసిన లైను మీద పాత రైలు పెట్టి జనాన్ని తిప్పడం చూశారు. ఆయనా ఎక్కి కూర్చుని కాఫీ తాగారు. కాఫీ బాగుందట. మన దగ్గర కూడా మూతపడ్డ చిన్న లైన్లు ఉన్నాయి కదా, వాటి సామాను ఎక్కడెక్కడ మిగిలిందో వెతికి కాపాడాలి అన్నారు. ఆయన అన్న కొద్ది రోజులకే భవనం వచ్చింది, బోర్డు వచ్చింది, కారు వచ్చింది, కారులో డైరెక్టరు గారు వచ్చారు. సామాను వెతకడానికి నేను వచ్చాను.

డైరెక్టరు ఉమాపతిరావు గారు అంతకుముందు మత్స్యశాఖలో చేశారు. "అంతరించిపోతున్న జాతుల విషయంలో నాకు విశేషానుభవం ఉంది" అని మొదటిరోజే సెలవిచ్చారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అసిరినాయుడూ, నియమావళి అధ్యయనం చేశారా?"

"చేశాను సార్."

"ఏడవ నియమం?"

నేను లేచి నిలబడి అప్పజెప్పాను. "లభ్యమైన ప్రతి అవశేషమును లభ్యమైన స్థలముననే, దాని మూల వినియోగమునందే యుంచవలెను. అన్య వినియోగము వికృత వినియోగముగా పరిగణింపబడును."

ఆయన కచేరీ వింటున్నట్టు కళ్లు మూసుకున్నారు. "అదీ! వస్తువును కదల్చరాదు. వేరొక పనికి వాడనీయరాదు. ఈ రెంటి నడుమనే పరిరక్షణ అనునది సంభవించును. వెళ్లి రండి."

నన్ను పంపింది రాజువలస మీదుగా తెల్లగెడ్డ పోయే చిన్న రైలు లైనుకి. నేను పుట్టకముందే మూతపడింది. ఇప్పుడు ఆ దారి పొడుగునా సరుగుడు తోటలూ, జీడితోటలూ, అక్కడక్కడ చేపల చెరువులూ ఉన్నాయి. రైలు కనిపించకపోయినా దాని సామాను మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉంది. జనం దాన్ని ఎంత జాగ్రత్తగా వాడుకుంటున్నారో చూసి నాకు ముచ్చటేసింది. కానీ అది అన్య వినియోగం.

మొదటి ఊళ్లో బడిగంట ఒక రైలు పట్టా ముక్క. వేపకొమ్మకి కట్టి ఇనుప మేకుతో కొడుతున్నారు. పట్టా పని చక్రాలు తన మీంచి పోనివ్వడం. గంట కొట్టించుకోవడం కాదు. నోటీసు ఇచ్చాను. హెడ్మాస్టరు గారు పట్టాని దింపించి వాకిట్లో పరిచారు. రోజూ ప్రార్థన అయ్యాక ఒక పిల్లాడు దాని మీంచి సైకిలు తొక్కుతాడు. హెడ్మాస్టరు గారు చూసినట్టు సంతకం చేస్తారు. గంట లేక బడి వదిలిపెట్టడం తెలియక మొదటివారం తల్లులు వచ్చి పిల్లల్ని ఎత్తుకెళ్లారు.

రెండో ఊళ్లో ఎర్రదీపం, పచ్చదీపం చూపించే రైలు లాంతరు రామమందిరంలో వెలుగుతోంది. దాని మూల వినియోగం పునరుద్ధరించాం. ఎర్రరంగు తిప్పితే భజన ఆపాలి, పచ్చరంగు తిప్పితే సాగించాలి. హార్మోనియం వాయించే పెద్దాయన సణిగాడు గానీ, తబలా ఆయన మాత్రం ఇన్నాళ్లకి ఇద్దరం కలిసి ఆపుతున్నామని సంతోషించాడు.

రాజువలస పొలిమేరలో సిగ్నల్ స్తంభం చెక్కుచెదరకుండా ఉంది. తుప్పుపట్టి దాని చెయ్యి అడ్డంగా బిగుసుకుపోయింది. రైతు దానికి పాతచొక్కా తొడిగి పిట్టల్ని బెదిరిస్తున్నాడు. చొక్కా విప్పించాను.

అక్కణ్ణుంచి ఊళ్లోకి నడిస్తే పాత స్టేషన్ స్థలం. అక్కడ ఉంది బోగీ. చక్రాలతో, కిటికీలతో, చెక్కబల్లలతో, మొత్తం బోగీ. లోపల్నించి అల్లం పచ్చిమిర్చి వాసన వస్తోంది. అది పొట్నూరు దాలమ్మ హోటలు.

ఆ లైను ఎత్తేసినప్పుడు పట్టాలు పీకే కాంట్రాక్టు ఇద్దరికి ఇచ్చారట, చెరో చివర నుంచీ. ఇద్దరూ పీక్కుంటూ పీక్కుంటూ రాజువలసలో కలుసుకున్నారు. అప్పుడు చూస్తే మధ్యలో బోగీ ఉంది, దాన్ని లాక్కెళ్లడానికి పట్టాలు లేవు. పీకిన కూలీలకి అంబలి పోసిన దాలమ్మ అత్తగారు, వాళ్లు వెళ్లిపోయాక పొయ్యి బోగీలోకి మార్చింది. అత్త పోయాక కోడలు అందుకుంది.

"కూకో బావూ, ఇడ్డెన్లు దిగతన్నాయి" అంది దాలమ్మ నన్ను చూసి. "ఎవుర్నో ఎతుకుతన్నట్టున్నావు?"

"బోగీని వెతుకుతున్నానమ్మా."

"బోగీలో కూకుని బోగీని ఎతుకుతావేటి?"

ఎదురు బల్ల మీద కూర్చున్న తవుడు అనే ముసలిరైతు పడిపడి నవ్వాడు. "సదువుకున్నోడే పిల్లా, ఒగ్గీ. ముందు పెసరట్టెట్టు."

నేను బోగీ అంతా కొలిచాను. బల్లలు చెదలు పట్టలేదు. కారణం దాలమ్మ పొయ్యి పొగ. పైకప్పుకి ఏటేటా తారు పూయించింది. కిటికీ చెక్కలకి ఆముదం రాసింది. ఒక్క మేకు కూడా పోలేదు. ఆ రాత్రే నివేదిక రాశాను. 'పొట్నూరు దాలమ్మ అను మహిళ సంరక్షణ వలన ఈ బోగీ రాష్ట్రంలోకెల్లా ఉత్తమ స్థితిలో ఉన్నది. ఈమెను సంస్థ శాలువాతో సత్కరింపవచ్చును.'

శాలువా రాలేదు. నోటీసు వచ్చింది. బోగీలో వంట వికృత వినియోగమనీ, వెంటనే ఖాళీ చెయ్యాలనీ. అందజేయాల్సింది నేనే.

దాలమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని కాగితం అందుకుంది. నా చేత చదివించుకుంది.

"నువ్వేనా బావూ ఆలకి సెప్పింది?"

"మీకు సన్మానం చెయ్యమని రాశానమ్మా."

"సెయ్యమంటే సేసేరు గదా" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. "నాకు ఈ బోగీ గాక ఇంకేటీ నేదు నాయినా. ఆడపిల్ల పురుడుకొచ్చీసింది. ఈ పొయ్యి ఆరిపోతే నానెక్కడికెల్తాను?"

ఆ ప్రశ్నకి నియమావళిలో జవాబు వెతికాను. ఉన్నదల్లా ఏడో నియమమే. దాన్నే మళ్లీ మళ్లీ చదివాను. చదవగా చదవగా ఒకటి తోచింది.

డైరెక్టరు గారు బోగీని స్వాధీనం చేసుకోవడానికి కారులో వచ్చినప్పుడు వినయంగా మనవి చేశాను. "సార్, దాలమ్మని పంపేస్తే బోగీ ఖాళీ అవుతుంది. ఖాళీగా ఉంచితే అది గోడౌను. అది కూడా వికృత వినియోగమే కదా సార్."

ఆయన నుదురు ముడిపడింది. "కొనసాగించండి."

"బోగీ మూల వినియోగం ప్రయాణికులు కూర్చోవడం సార్. ఇక్కడ రోజూ జనం కూర్చుంటున్నారు. వాళ్లని ప్రయాణికులుగా గుర్తిస్తే, దాలమ్మ ప్రయాణికులకి ఆహారం సరఫరా చేస్తున్నట్టే అవుతుంది."

హోటలు హోటలుగానే ఉండిపోతుందని నా ఆశ. డైరెక్టరు గారి ఆశ వేరే. ఆయన బోగీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"అసిరినాయుడూ, మీరు ఒక మహత్తర సత్యాన్ని అనాలోచితంగా స్పృశించారు. ప్రయాణికుడన్నవాడు ఉన్నప్పుడు టిక్కెట్టు అనునది ఉండవలె. టిక్కెట్టు ఉన్నప్పుడు గమ్యం ఉండవలె. గమ్యం ఉన్నప్పుడు కాలపట్టిక ఉండవలె. ఈ బోగీ రాజువలస నుండి తెల్లగెడ్డకు ప్రతిదినం బయలుదేరును!"

"కదలకుండానా సార్?"

"కదల్చరాదని నియమం స్పష్టంగా ఉన్నది కదా" అన్నారాయన, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

పై వారంలోనే అన్నీ అమరాయి. బోగీలో నిప్పు నిషేధం కనుక దాలమ్మ పొయ్యి బయటికి, టార్పాలిన్ కిందికి వచ్చింది. ప్రయాణికులు బయటికి చేతులు పెట్టకుండా కిటికీలకి సన్న ఇనుపవల బిగించారు. గార్డు కావాలని ఏజెన్సీకి రాస్తే వాళ్లు ఏటీఎం దగ్గర కాపలా కాసే సత్తిరాజుని పంపారు. మంచివాడు, మాట జవదాటడు. ఎర్రజెండా, పచ్చజెండా ఇచ్చి, నడుస్తున్న బండి నుంచి ఎవరినీ దిగనివ్వకూడదని డైరెక్టరు గారి సంతకంతో ఉత్తర్వు ఇచ్చాం. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొదటిరోజు బోగీ నిండింది. కొత్త కదా. ఇడ్లీలు పంచడం అయ్యాక సత్తిరాజు ఈల ఊది, పచ్చజెండా ఊపి, తలుపు వేశాడు. తవుడు చెయ్యి కడుక్కుని లేచాడు.

"తలుపు తియ్ నాయినా. నీరు కట్టాల."

"బండి నడుస్తోంది. దిగకూడదు."

"ఎక్కడ నడుత్తంది? ఆ సింతసెట్టు అక్కడే ఉన్నాది గదా!"

"టిక్కెట్టు తెల్లగెడ్డకి తీసుకున్నావు. తెల్లగెడ్డలోనే దిగాలి."

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! తెల్లగెడ్డలో నాకెవుడున్నాడురా? నా పొలం ఈడున్నాది!"

తవుడు మధ్యాహ్నం దాకా ప్రయాణించాడు. పక్కన కూర్చున్న టైలరు ముందు ఏడుపుమొహం పెట్టి, తర్వాత గుర్రుపెట్టి నిద్రపోయాడు. కాలపట్టిక ప్రకారం ఉదయం చేరాలి గానీ, ఊరు దాటాలంటే సిగ్నల్ పడాలి. రాజువలస పొలిమేర స్తంభం చెయ్యి బిగుసుకుపోయి ఉంది కాబట్టి బండి అవుటర్‌లో నిలిచిపోయింది. ఆలస్యానికి చింతిస్తున్నట్టు నేను మైకులో ప్రకటించాను. ఆకలి వేళకి సత్తిరాజు కూడా మనిషే కనుక, తన భోజనం కోసం తలుపు తీశాడు. అందరూ దూకి పారిపోయారు.

మర్నాడు సగంమంది వచ్చారు. వారం తిరిగేసరికి ఎవరూ లేరు. టిక్కెట్టు లేనివాడికి దాలమ్మ ఇడ్లీ అమ్మకూడదు. టిక్కెట్టు కొన్నవాడు తెల్లగెడ్డ చేరేదాకా ఇంటికి పోకూడదు. ఉడికిన ఇడ్లీలు ఊళ్లో గేదెలు తింటున్నాయి. టార్పాలిన్ మీద వాన టపటపా పడుతుంటే దాలమ్మ తడికట్టెలు ఊదుకుంటూ, బాలింత కూతురి కోసం ఒక్క గిన్నెడు మాత్రం వండుకుంటోంది.

"బావూ, నువ్వు నా మంచికే సేసినావు గానీ" అంది కళ్లు తుడుచుకుంటూ, పొగకే అనుకోమన్నట్టు, "ఇంకోపాలి నా మంచి సెయ్యకు."

ప్రయాణికులు లేరని రాశాను. సంస్థ నుంచి జవాబు వచ్చింది. 'ప్రయాణికుల కొరత తాత్కాలికము. ప్రయాణికుల కొలువులకు ఏజెన్సీ ద్వారా నియామకము జరుపబడును. ఈలోగా డైరెక్టరు స్వయముగా ప్రయాణించి ప్రజలకు ఆదర్శముగా నిలుచును.'

ఆయన చెప్పిన రోజుకే వచ్చారు. ఎర్రంచు పంచె, మెడలో పూలమాలతో బోగీ ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఫొటోలు తీశారు. దాలమ్మ ఇడ్లీల వాయి దించే లోపే, శుభముహూర్తం దాటిపోతోందని ఆయనే తొందరపెట్టారు. సత్తిరాజు ఈల ఊది, జెండా ఊపి, తలుపు వేసి గడియ బిగించాడు. ఫొటోలవాళ్లు వెళ్లిపోయారు. బండి నడవసాగింది.

డైరెక్టరు గారు కాసేపు బయట దృశ్యాన్ని చూశారు. దృశ్యం అంటే దాలమ్మ టార్పాలిన్, ఒక గేదె. తర్వాత పల్లెజీవితపు నిశ్చలత గురించి మాట్లాడారు. తర్వాత వాచీ చూసుకున్నారు.

"ఉపాహారం ఎప్పుడు?"

"బయటుంది సార్."

"తెప్పించండి."

దాలమ్మ ఆవిరి కక్కుతున్న ఇడ్లీల పళ్లెం పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. అల్లప్పచ్చడి వాసన లోపలికి వచ్చింది. పళ్లెం రాలేదు. ఇనుపవల అడ్డం.

"ఎలగెట్టీది బాబూ? దీంట్లో చీమే దూరదు."

ఆయన వలకి ముక్కు ఆనించి చూశారు. "చిన్న తుంపు... ఒక మెతుకైనా..."

"మెతుకైనా దూరదు బాబూ. అల్లించినోడు గట్టోడు."

డైరెక్టరు గారి నుదుటి మీద చెమట పట్టింది. "అసిరినాయుడూ, నేను షుగరు మనిషిని. మాత్ర వేసుకుని వచ్చాను. తలుపు తెరిపించండి."

సత్తిరాజు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. "బండి నడుస్తోంది సార్."

"నేను డైరెక్టర్ని!"

"తెలుసు సార్. ఈ ఉత్తర్వు మీరే ఇచ్చారు." జేబులోంచి తీసి చూపించాడు. "ఎవరినీ దిగనివ్వకూడదని ఉంది. డైరెక్టర్ని దిగనివ్వొచ్చని లేదు."

"అయితే బండి ఆపు!"

"ఆపాలంటే ఎర్రజెండా ఊపాలి సార్. పట్టాల మీద పశువు అడ్డొస్తేనే ఊపమన్నారు."

ముగ్గురం కిటికీలోంచి గేదె వైపు చూశాం. గేదె బోగీకి అడ్డంగానే నిలబడి ఉంది. కానీ పట్టాలు లేవు. సత్తిరాజు నిజాయితీపరుడు. జెండా ఎత్తలేదు.

బయట దాలమ్మ కంగారు పడిపోతోంది. "ఓలమ్మో, ఆ బాబు మొకం పాలిపోనాది! ఓరి గార్డూ, గడియ తియ్‌రా! మనిసి సచ్చిపోతే నీ జెండా ఏటి సేసుకుంటావు?" పళ్లెం పక్కన పెట్టి, అట్లకాడతో వల మేకులు పీకడం మొదలుపెట్టింది. మేకులు సంస్థ కొట్టించినవి కదా, ఒక్కటీ కదల్లేదు.

డైరెక్టరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఇప్పుడాయన భాష మారిపోయింది. "అబ్బాయ్, నువ్వు చదువుకున్నవాడివి. ఏదన్నా దారి చూడు."

నేను నియమావళి ప్రకారమే ఆలోచించాను. నాకు వేరేగా ఆలోచించడం రాదు. "సార్, బండి గమ్యం చేరితే తలుపు తీస్తారు."

"ఎప్పుడు చేరుతుంది?"

"సిగ్నల్ పడదు సార్, స్తంభం చెయ్యి తుప్పు పట్టింది. కానీ తమరు సంస్థాధిపతి. బండి చేరిందని తమరు ధ్రువీకరిస్తే చేరినట్టే."

ఆయన నా కలం లాక్కున్నారు. సత్తిరాజు ఉత్తర్వు వెనకవైపే రాశారు. 'బోగీ తెల్లగెడ్డ చేరినది. సురక్షితముగానున్నది.' సంతకం, తేదీ. సత్తిరాజు రెండుసార్లు చదువుకుని, ఈల ఊది, గడియ తీశాడు.

డైరెక్టరు గారు టార్పాలిన్ కింద, తడి ముక్కాలిపీట మీద కూర్చుని తిన్నారు. దాలమ్మ ముందు గ్లాసుడు పంచదార నీళ్లు తాగించి, తర్వాత ఇడ్లీలు తుంపి తుంపి వేసింది. "మెల్లగ తిను నాయినా. ఎవులూ లాక్కోరు" అంటూ వీపు నిమిరింది. ఆయన పళ్లెం ఖాళీ చేశారు. పచ్చడి మళ్లీ వేయించుకున్నారు. వెళ్లేటప్పుడు కృతజ్ఞతగా ఏదో చెప్పబోయారు గానీ, కారు ఎక్కేసరికి మళ్లీ డైరెక్టరు అయిపోయారు.

ఆ కాగితాన్ని నేను విధిప్రకారం ఫైల్లో చేర్చాను. దాంతో తిరకాసు వచ్చింది. ఆడిటు అధికారి ఒకాయన, బోగీ తెల్లగెడ్డలో ఉన్నట్టు డైరెక్టరు సంతకం ఉండగా రాజువలస బోగీకి గార్డు జీతం ఎందుకు ఇస్తున్నారని రాశాడు. నేను డైరెక్టరు గారి గదిలోకి వెళ్లాను.

"సార్, ఆ ధ్రువీకరణ రద్దు చేస్తే..."

"ఏ కారణం చూపించి?" అన్నారాయన. "ఆకలేసి సంతకం పెట్టానని రాయమంటారా?"

ఫైలు తెరిచి తన సంతకం ఒకసారి చూసుకున్నారు. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నారు. "ధ్రువీకరించినది ధ్రువమే. మన బోగీ తెల్లగెడ్డలో ఉన్నది. ఇక రాజువలసలో ఏదో ఒక కట్టడం ఉన్నదని మీరంటున్నారు. అది మన బోగీ కాజాలదు. ఒక బోగీ రెండుచోట్ల ఉండుట అసంభవం. మనది కానిదానిపై మనకు అధికారం లేదు."

"అక్కడ ఎవరైనా వంట చేసుకుంటే సార్?"

"మనకేమి సంబంధం? అయితే తెల్లగెడ్డలోని బోగీ పరిరక్షణ మాత్రం అత్యంత కీలకం. ఎవరైనా విశ్వసనీయుడు అక్కడ ఉండవలె."

అలా నాకు తెల్లగెడ్డ బదిలీ అయింది. ఉద్యోగం కూడా పర్మనెంటు చేశారు. మా అయ్య ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టించాడు. సత్తిరాజుని ఏటీఎంకి తిరిగి పంపేశారు. పోయేముందు వాడే వల మేకులు పీకిచ్చాడు. అదే పూట దాలమ్మ పొయ్యి లోపలికి మార్చింది. కూతురు పసిబిడ్డకి కిటికీ పక్కన చీరతో ఉయ్యాల కట్టింది. తవుడు మొదట తలుపు దగ్గరే కూర్చున్నాడు, ఎందుకైనా మంచిదని.

నేను పొద్దున్నే దాలమ్మ దగ్గర ఇడ్డెన్లు తిని, బస్సెక్కి తెల్లగెడ్డ వెళతాను. అక్కడ పాత స్టేషన్ స్థలంలో నువ్వుచేను ఉంది. చేను గట్టున గొడుగు వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంటాను. ప్రతి నెలా తప్పకుండా నివేదిక పంపుతాను. బోగీ క్షేమంగా ఉంది. ఇంతవరకూ ఎవరూ దాన్ని తాకలేదు.